కాటా ఒక్కటే, మాట ఎందుకు రెండు?

(సంఘం వార్షికోత్సవం సందర్భంగా యువతను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)

 

వ్యాపారంలో ఆడవాళ్ల నాయకత్వం గురించి మాట్లాడమన్నారు. మన్యంలో సంతకు వెళ్లి చూడండి. చింతపండు, పసుపు, అడ్డాకులు, కొండచీపుర్లు మోసుకొచ్చి బేరమాడే వాళ్లలో మన అమ్మలు ఎంతమందో! దళారి కాటా దగ్గర మోసం చేస్తే నిలదీసేదీ వాళ్లే. అందుకే “మనలో ఆడా మగా తేడా లేదు” అని గర్వంగా చెప్పుకుంటాం. నేనూ చాలా చోట్ల చెప్పాను. ఈరోజు మాత్రం నా తప్పొకటి మీ ముందు ఒప్పుకోవాలి.

కొన్నేళ్ల క్రితం మా ఊరి రైతులంతా సంఘం పెట్టుకుని పసుపు కొమ్ములు కలిపి అమ్మేవాళ్లం. మొదట ఆ బాధ్యత ఒక అన్న చూశాడు. ఎవరికీ అరువు ఇచ్చేవాడు కాదు. సరిగా ఎండని సరుకు తెస్తే తిప్పి పంపేవాడు. “నిక్కచ్చి మనిషి” అని మెచ్చుకున్నాం. ఆయన తర్వాత ఒక అక్క వచ్చింది. ఆమె కూడా అదే పద్ధతి పాటించింది. ఒకసారి మా బావమరిది తెచ్చిన పచ్చి సరుకు వెనక్కి పంపింది. ఆ సాయంత్రం నలుగురిలో కూర్చుని నేనే అన్నాను, “పెత్తనం చేతికి రాగానే పొగరెక్కింది” అని. ఆ మాట ఊరంతా తిరిగింది. రెండు నెలలకు ఆమె తప్పుకుంది. అడిగితే, “పని బరువు కాలేదు తమ్ముడూ, మీ మాటలే మొయ్యలేకపోయాను” అంది. తర్వాత అరువులు పెరిగాయి. పెట్టుబడి కరిగిపోయింది. సంఘం మూతపడింది.

ఇది మన ఊరి జబ్బు మాత్రమే కాదు. అమెరికాలో హైడీ రోయిజెన్ అనే మహిళా వ్యాపారవేత్త గురించి ఒక పాఠం ఉంది. కొలంబియా బిజినెస్ స్కూల్‌లో ఫ్రాంక్ ఫ్లిన్ అనే ఆచార్యుడు 2003లో ఆ పాఠాన్ని సగం మంది విద్యార్థులకు ఉన్నదున్నట్టు ఇచ్చారు. మిగతా సగానికి పేరు మాత్రం ‘హోవార్డ్’ అని మార్చి ఇచ్చారు. ఇద్దరూ సమర్థులే అన్నారు విద్యార్థులు. కానీ హోవార్డ్ వాళ్లకు నచ్చాడు, హైడీ స్వార్థపరురాలిగా కనిపించింది. పేరు తప్ప అక్షరం మారలేదు!

మన దేశంలో కిరణ్ మజుందార్ షా సంగతి చూడండి. 1978లో బెంగళూరులో ఒక గ్యారేజీలో, 10,000 రూపాయలతో బయోకాన్ మొదలుపెట్టారు. అప్పట్లో అప్పివ్వడానికి బ్యాంకులు వెనకాడాయి. ఆడమనిషి కింద పనిచేయడానికి మనుషులు జంకారు. వ్యాపారం గురించి అడగాల్సిన ప్రశ్నల కంటే ముందు, ఆమె ఆడది అన్న సంగతే అడ్డొచ్చింది.

ఇప్పుడు మనకు వన్‌ధన్ వికాస కేంద్రాలు వచ్చాయి. 20 మంది చొప్పున 15 సంఘాలు, అంటే ఒక్కో కేంద్రంలో సుమారు 300 మంది సభ్యులు. అంతమంది సరుకు, డబ్బు చూసే మనిషి కచ్చితంగా ఉండాలి, కాదనాలి, నిలదీయాలి. ఆ పని రేపు మీ అక్క చేయొచ్చు, ఇక్కడ కూర్చున్న చెల్లి చేయొచ్చు.

తమ్ముళ్లూ, “పొగరు”, “గయ్యాళి” అనే మాట నోటి దాకా వస్తే ఒక్క క్షణం ఆగండి. ఇదే పని ఒక అన్న చేస్తే ఏమనేవాణ్ణి అని అడిగి చూసుకోండి. అధికారులు వస్తే ఆమె భర్తకు కుర్చీ వేయకండి, ఆమెకే వేయండి. చెల్లెళ్లూ, మీలో మీరు కూడా ఆ మాట అనకండి.

మొన్న ఆ అక్క ఇంటికి వెళ్లాను. నాడు నేను నోరు జారిన ఆ నలుగురినీ వెంటబెట్టుకుని వెళ్లి, తప్పు నాదే అన్నాను. మళ్లీ సంఘం పెడదాం, నువ్వే ముందుండాలి అని అడిగాను. “ఆలోచిస్తాను” అంది. అంతవరకే అయింది. ఆమె నమ్మేలా నడుచుకోవాల్సింది ఇక మేమే.