36 ఏళ్లకి కథలు నేర్చుకోడానికి పోయిన

నాది మేడ్చల్‌లో గోదాం ఉద్యోగం. కథలు రాయడం నేర్పే క్లాసులో చేరిన అంటే మా ఇంట్లో నవ్విన్రు. ఆదివారాలు శామీర్‌పేటలో, పదిమందిమి, అందరం పెద్దోళ్లమే.

మా నాయిన పొలం అమ్మిన సంగతి రాసిన. రెండు పేజీలూ చెరువు, రాజీవ్ రహదారి, ప్లాట్ల రాళ్లు... సార్ చదివి ఒక్కటే అడిగిండు: "ఇందులో మీ నాన్న ఏడయ్యా?"

తర్వాత గురజాడ ‘దిద్దుబాటు’ చదివించిండు. 1910ల వచ్చిన కథ. ఊరి వర్ణన లేదు, ఉపోద్ఘాతం లేదు. అర్ధరాత్రి దాటినంక ఇంటికొచ్చిన మొగుడు తలుపు తియ్యమంటుంటడు, అంతే, కథ మొదలు! లోపల పెళ్లాం ఉందా లేదా, మనకు అదే కావాలి. (అంతకుముందే, 1902లో, భండారు అచ్చమాంబ ‘ధనత్రయోదశి’ రాసింది. బడిలో మాకెవరూ చెప్పలే.)

నా రెండు పేజీలు కొట్టేసిన. రిజిస్ట్రేషన్ ఆఫీసు బయట నాయిన బొటనవేలి సిరా తుడుచుకునే దగ్గర మొదలుపెట్టిన. ఆయన్ను అడగాల్సొచ్చింది: "ఆ రోజు నీకెట్ల అనిపించింది నాయినా?" ఇన్నేళ్లల్ల ఒక్కసారి అడగలే నేను. చాలాసేపు మాట్లాడలే.

"బాయిల మోటరు అట్లనే ఇడిసిపెట్టొచ్చిన్రా," అన్నడు.

ఆ మోటరు కథలో ఎక్కడ పెట్టాల్నో ఇంకా తెలుస్తలేదు. వచ్చే ఆదివారం చదివి వినిపించాలె.