లారీ ఆగకూడదు సరే, మనిషి నిద్రపోవద్దా?

(అనంతపురం జిల్లాలో పండ్ల తోటల రైతుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



గిట్టుబాటు ధర గురించి, ఎరువుల గురించి, కరెంటు గురించి నాకంటే ముందు మాట్లాడినవాళ్లు వివరంగా చెప్పారు. నేను ఇంకో విషయం మాట్లాడతాను. తోటలో గెల కోసిన తర్వాత మన సరుకు ఎవరి చేతుల మీదుగా ఢిల్లీ చేరుతుందో, ఆ మనిషి గురించి. రైతు సంఘం సభలో లారీ డ్రైవర్ ముచ్చట ఎందుకని కొందరికి అనిపించవచ్చు. మన మండలాల్లో బోరు ఎండిపోయిన ప్రతి ఊరి నుంచీ కొందరు పిల్లలు స్టీరింగ్ పట్టుకున్నారు. నేనూ వాళ్లలో ఒకణ్ణే. పన్నెండేళ్లు లారీ నడిపి, తిరిగి నాలుగెకరాల చీనీ తోటకు వచ్చాను. అందుకని ఈ సంగతి రెండు వైపుల నుంచీ నాకు తెలుసు.

ముందు చట్టం ఏం చెబుతోందో చూద్దాం. 1961లోనే మన దేశంలో మోటారు రవాణా కార్మికుల చట్టం వచ్చింది. రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు మించి పని చేయించకూడదని ఆ చట్టం చెప్పింది. దూర ప్రయాణాలకు అధికారి అనుమతి తీసుకుని పెంచినా రోజుకు 10, వారానికి 54 గంటలు దాటకూడదంది. ఐదు గంటలకు ఒకసారి కనీసం అరగంట విశ్రాంతి ఇవ్వాలంది. వారానికి ఒక రోజు సెలవు ఇవ్వాలంది. 1988 మోటారు వాహనాల చట్టం 91వ సెక్షన్ కూడా రవాణా వాహనం నడిపేవాళ్లకు ఈ పనిగంటలే వర్తిస్తాయంది. అంటే చట్టం లేక కాదు మన డ్రైవర్లు నిద్ర లేకుండా నడుపుతున్నది.

ఇప్పుడు మన లెక్క చూద్దాం. అనంతపురం నుంచి ఢిల్లీ ఆజాద్‌పూర్ మండీకి దాదాపు 1,900 కిలోమీటర్లు. కర్నూలు, హైదరాబాద్, ఆదిలాబాద్, నాగపూర్, ఝాన్సీ, ఆగ్రా మీదుగా పోవాలి. లోడు లారీకి సరాసరి గంటకు 45 కిలోమీటర్లు వేసుకున్నా స్టీరింగ్ మీదే 42 గంటలు అవుతుంది. రోజుకు 8 గంటల చొప్పున అయితే ఐదు రోజుల పైన పడుతుంది. 10 గంటల చొప్పున నడిపినా నాలుగు రోజులు దాటుతుంది. మరి మనం బ్రోకర్ ఆఫీసులో ఏమని మాట్లాడుకుంటున్నాం? మూడో రోజు రాత్రికి చేరాలి, నాలుగో రోజు పొద్దున వేలానికి సరుకు దిగాలి అంటున్నాం. ఆలస్యమైతే కిరాయిలో కోత. ఒక్క డ్రైవర్ మూడు రోజుల్లో 42 గంటలు నడిపి, టోల్ గేట్లు, చెకింగులు, టైరు పంచర్లు, తిండి, స్నానం అన్నీ చూసుకుంటే నిద్రకు మిగిలేది ఎంత? తిరుగు లోడు వెంటనే దొరికితే అదే వారంలో ఇంకో 42 గంటలు. చట్టం 48 అంటే మనవాడు 84 నడుపుతున్నాడు.

నిద్ర లేకపోతే ఏమవుతుందో డాక్టర్లు పరీక్షలు పెట్టి చూశారు. 17 గంటలు మెలకువగా ఉన్న మనిషి చురుకుదనం, రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్నవాడి స్థాయికి పడిపోతుందని తేలింది. మన దేశంలో బండి నడిపేవాడికి చట్టం పెట్టిన హద్దు 0.03 శాతం. అంటే పొద్దున నాలుగింటికి లేచి మన తోటలో లోడు ఎత్తించుకుని, రాత్రి తొమ్మిదింటికి ఇంకా స్టీరింగ్ మీద ఉన్నవాడు, చుక్క తాగకుండానే తాగినవాడితో సమానం. తాగాడా లేదా అని ఊదించి చూసే యంత్రం ఉంది. నిద్రపోయాడా లేదా అని చూసే యంత్రం ఏ చౌరస్తాలోనూ లేదు.

ఇంకొక మాట. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే లారీ ఒక్క సెకనులో 16 మీటర్ల పైన ముందుకు పోతుంది. మూడు సెకన్లు రెప్ప వాలిందంటే 50 మీటర్లు ఎవరూ నడపని లారీ రోడ్డు మీద పోయినట్టు. తెల్లవారుజామున రెండు నుంచి ఐదు లోపల ఒళ్లు తనంతట తానే నిద్ర కోరుతుంది. అప్పుడు టీ తాగినా, కిటికీ దించి గాలి కొట్టించుకున్నా, పాటలు పెట్టుకున్నా కొద్దిసేపే. నాకు ఒకసారి నాగపూర్ దాటాక టోల్ గేటు రసీదు చేతిలో ఉంది కానీ ఆ గేటు దగ్గర ఆగినట్టు, డబ్బులిచ్చినట్టు గుర్తు లేదు. క్లీనర్‌ను అడిగితే ఆగావన్నా అన్నాడు. బండి పక్కకు పెట్టి చాలాసేపు చేతులు వణుకుతూ కూర్చున్నాను. ఆ రోజు నేను బతకడం నా గొప్ప కాదు, ఎదురుగా ఎవరూ రాకపోవడం వల్ల బతికాను. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర ప్రభుత్వ లెక్క. అందులో నిద్ర వల్ల పోయినవాళ్లు ఎందరో విడిగా తేల్చడం కష్టం. ఎందుకంటే పోలీసు కాగితంలో 'అతివేగం', 'నిర్లక్ష్యం' అని రాస్తారు. కునుకు అని రాయరు.

ఇక్కడే మనం ఆలోచించాలి. తప్పు డ్రైవర్‌దే అని తేల్చేస్తే పని అయిపోతుందా? 2024 జనవరిలో డ్రైవర్లు దేశమంతా సమ్మె చేశారు. ప్రమాదం చేసి చెప్పకుండా పోతే పదేళ్ల వరకు జైలు అన్న కొత్త సెక్షన్ మీద ఆ సమ్మె. హైదరాబాద్‌లో పెట్రోలు బంకుల ముందు బారులు తీరిన సంగతి మీకు గుర్తుంటుంది. ఆ తర్వాత ఆ సెక్షన్‌ను అమలు చేయకుండా ఆపారు. నేను దాని మంచి చెడ్డల్లోకి పోను. ఒకటే అడుగుతున్నాను. శిక్ష ఎన్నేళ్లు వేయాలో పార్లమెంటులో లెక్క కట్టారు. నిద్ర ఎన్ని గంటలు ఇచ్చారో ఎవరైనా లెక్క కట్టారా?

నిద్ర ఎక్కడ పోతోందో నేను చెబుతాను. సగం రోడ్డు మీద పోతోంది, సగం ఎదురుచూపుల్లో పోతోంది. లారీని పొద్దున ఆరింటికి తోటకు రమ్మంటాం. కోత కూలీలు ఎనిమిదింటికి వస్తారు. పేపరు, గడ్డి సర్ది లోడు పూర్తయ్యేసరికి సాయంత్రం నాలుగు. అప్పుడు కాటా, తర్వాత బ్రోకర్ దగ్గర కాగితాలు. డ్రైవర్ ఆ పది గంటలూ పడుకోలేదు, బండి నడపనూ లేదు. రాత్రి ఏడింటికి హైవే ఎక్కుతాడు. అప్పటికే ఒక రోజు పని అయిపోయింది. ధాన్యం వైపు ఇంకా ఘోరం. కొనుగోలు కేంద్రంలో మన రైతు బస్తాల మీద కాపలా పడుకుంటాడు. అదే ధాన్యం మోసిన డ్రైవర్ మిల్లు గేటు ముందు రెండు రోజులు లైనులో ఉంటాడు. హమాలీలు లేరంటారు, తేమ ఎక్కువంటారు. లైను కదిలినప్పుడల్లా లేచి బండి ముందుకు జరపాలి. రైతూ డ్రైవరూ ఒకే చోట మోసపోతున్నారు, కానీ ఒకరి మీద ఒకరు కోపంగా ఉన్నారు.

ఆ ఎదురుచూపుకు బేటా లేదు, కిరాయి లేదు. చట్టం కూడా టెర్మినల్ దగ్గర పదిహేను నిమిషాలకు లోపు నిరీక్షణనే పనిగంటల్లో కలుపుతుంది. అంతకు మించి కాచుకుని కూర్చుంటే అది లెక్కలోకి రాదు. ఇంకో చిక్కు, 1961 చట్టం ఐదుగురు లేదా అంతకంటే ఎక్కువ కార్మికులున్న రవాణా సంస్థలకే అన్నారు. మన లారీలు ఎవరివి? ఫైనాన్సులో ఒక బండి తీసుకుని కంతులు కట్టుకునేవాడివి. ఒక ఓనరు, ఒక డ్రైవరు. తనిఖీ చేసేవాళ్ల కంటికి వాళ్లు ఆనరు. 2020లో పార్లమెంటు ఆమోదించిన వృత్తి భద్రత కోడ్ ఆ పాత చట్టాన్ని తనలో కలుపుకుని, ఆ ఐదుగురిని పది మంది చేసింది. జల్లెడ కన్నాలు ఇంకా పెద్దవయ్యాయి.

వేరే దేశాల్లో ఎలా ఉందో కూడా చూద్దాం. యూరప్ దేశాల్లో వారానికి 56 గంటలు, వరుసగా రెండు వారాలు కలిపి 90 గంటలు దాటి నడపకూడదు. నాలుగున్నర గంటలు నడిపితే 45 నిమిషాలు ఆగాలి. బండిలోనే ఒక యంత్రం ఇదంతా రాసుకుంటుంది. అమెరికాలో ఏడు రోజుల్లో 60, లేదా ఎనిమిది రోజుల్లో 70 గంటల హద్దు ఉంది. కానీ అక్కడ కూడా పంట సీజన్లో, పొలం నుంచి సుమారు 150 మైళ్ల లోపల వ్యవసాయ సరుకు మోసేవాళ్లకు ఈ నిబంధన నుంచి మినహాయింపు ఇచ్చారు. పండు కుళ్లిపోతుందన్నదే కారణం. ఈ కారణం మనకూ తెలుసు. కానీ పండు త్వరగా పాడవుతుంది కాబట్టి మనిషి నిద్ర మానాలి అనడం న్యాయమా? సరుకు ఆగకుండా మనిషిని మార్చవచ్చు కదా?

రైలు చేసేది అదే. 2020 సెప్టెంబరు 9న మన అనంతపురం నుంచే ఢిల్లీ ఆదర్శ్‌నగర్‌కు కిసాన్ రైలు బయలుదేరింది. రెండు రోజుల లోపే పండ్లు ఢిల్లీ చేరాయి. దారిలో రైలు డ్రైవర్లు మారుతుంటారు, దిగినవాడు పోయి పడుకుంటాడు, పండు మాత్రం ఆగదు. లారీకి కూడా ఇద్దరు డ్రైవర్లను పెడితే, లేదా దారిలో డ్రైవర్‌ను మార్చే ఏర్పాటు ఉంటే, మన మూడు రోజుల గడువు ఎవరి ప్రాణం మీదకూ రాకుండా నిలబడుతుంది. ఖర్చు పెరుగుతుంది, నిజమే. ఆ ఖర్చు ఇవాళ కూడా ఎవరో కడుతున్నారు. డ్రైవర్ భార్యా పిల్లలు కడుతున్నారు. సరుకు బోల్తా పడితే మనమూ కడుతున్నాం.

అందుకని మన సంఘం తరఫున కొన్ని పనులు మనమే మొదలు పెడదాం. కూలీలు, గంపలు, కాటా సిద్ధం చేసుకున్నాకే లారీని తోటకు రమ్మందాం. లోడు ఎత్తేంతసేపు డ్రైవర్‌కు ఒక మంచం, ఇంత అన్నం, చెట్టు నీడ చూపిద్దాం. లోడు పని క్లీనర్‌తో కలిసి మనం చూసుకుందాం. ఢిల్లీ, కోల్‌కతా వంటి దూరాలకు ఇద్దరు డ్రైవర్లున్న బండికే లోడు ఇస్తామని బ్రోకర్లతో గట్టిగా చెబుదాం. గంట రెండు గంటల ఆలస్యానికి కిరాయి కోయబోమని మాట ఇద్దాం. ఈ మాట ఒక రైతు చెబితే బ్రోకర్ నవ్వుతాడు. ఊరు ఊరంతా చెబితే వింటాడు.

ప్రభుత్వాన్ని అడగవలసినవీ ఉన్నాయి. ఎంత మంది పనిచేస్తున్నారన్న లెక్క లేకుండా ప్రతి లారీ డ్రైవర్‌కూ వారానికి 48 గంటల హద్దు అమలు చేయాలి. ఎన్ని గంటలు నడిపాడో తెలియదనే సాకు ఇక చెల్లదు. ఫాస్టాగ్ వచ్చాక ఏ లారీ ఏ టోల్ గేటు ఎన్నింటికి దాటిందో నిమిషాలతో సహా కంప్యూటర్లో ఉంది. టోలు వసూలుకు పనికొచ్చిన ఆ లెక్క ప్రాణం కాపాడడానికి ఎందుకు పనికిరాదు? మిల్లుల దగ్గర టోకెను పద్ధతి పెట్టి, గడువు దాటిన నిరీక్షణకు మిల్లు యజమాని చేత డబ్బు కట్టించాలి. హైవే పక్కన డ్రైవర్లు భయం లేకుండా పడుకునే విశ్రాంతి స్థలాలు కట్టాలి. కిసాన్ రైలును సీజన్ పొడవునా, రాయితీతో నడపాలి.

చివరిగా ఒక్కటి. మనం పండించిన అరటి, చీనీ ఢిల్లీలో ఎవరి పిల్లలో తింటారు. అది చేరేసే మనిషి మన ఊరి పిల్లవాడే. వాడు తిరిగి ఊరికి రావడం కూడా మన పంట లెక్కలో ఒక భాగమని ఈ సభ తీర్మానం చేయాలని కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.