ఏ బొమ్మ అమ్మాలి, ఏది ఉంచుకోవాలి: లలితకళల పట్టభద్రులకు స్నాతకోత్సవ ప్రసంగం

లలితకళల పట్టా అందుకున్న రోజే చిత్రకారుడి గదిలోంచి ఒక మనిషి వెళ్లిపోతాడు. పూర్తయిన బొమ్మ ముందు నిలబడి బాగుందనో, మళ్లీ వెయ్యమనో చెప్పే గురువు ఆయన. నాలుగేళ్లపాటు, పీజీ కూడా చేస్తే ఆరేళ్లపాటు మార్కుల రూపంలో అందిన తీర్పు ఆ మర్నాటి నుంచి ఉండదు. ఆ ఖాళీ కుర్చీలో అనుమానం వచ్చి కూర్చుంటుంది. ఇది అసలు బొమ్మేనా అన్నది ఒక ప్రశ్న. దీనికి డబ్బు అడగొచ్చా అన్నది ఇంకొకటి. కొత్త పట్టభద్రులకు ఈ రెండూ ఒకటిగానే వినిపిస్తాయి. నిజానికి మొదటి ప్రశ్న ఎటూ తేలకపోయినా రెండోదానికి జవాబు చెప్పుకోవచ్చు.

మంచి బొమ్మలు చూసేకొద్దీ కన్ను పదునెక్కుతుంది. చెయ్యి దాని వెనక నడుస్తుంది. ఆ రెండింటి మధ్య ఎడమే అనుమానం. పోయిన ఏడాది మురిపించిన నీటిరంగుల బొమ్మ ఈ ఏడాది వెలవెలబోతే, ఈలోగా చూపు ఒక మెట్టు ఎక్కిందన్నమాట. పేరూ డబ్బూ వస్తే ఈ జబ్బు కుదురుతుందనుకోవడం భ్రమ. ఫ్రెంచి చిత్రకారుడు క్లాడ్ మోనే 1908 మే నెలలో, ప్యారిస్‌లోని దురాన్-రుయెల్ గ్యాలరీ ప్రదర్శన దగ్గరపడిన వేళ, తన కలువల చిత్రాల్లో కనీసం 15 కత్తి పట్టి చేజేతులా పాడుచేశారు. అప్పటికి ఆయనకు 67 ఏళ్లు; కొనేవాళ్లకు కొదవ లేదు. ప్రదర్శన వాయిదా పడి, మరుసటి ఏడాది 48 కలువల చిత్రాలతో అదే గ్యాలరీలో జరిగింది. ఈ కథ చెప్పేవాళ్లంతా కత్తి గురించే చెబుతారు. పనికొచ్చే ముక్క మాత్రం వాయిదా.

బొమ్మ ముగించిన రోజున చిత్రకారుడి కంటికి పడిన పాట్లే కనిపిస్తాయి. గోడవైపు తిప్పి కొన్ని వారాలు వదిలేస్తే పాట్లు మరుపున పడి బొమ్మ మిగులుతుంది. తైలవర్ణ చిత్రానికి ఈ వ్యవధి ఎలాగూ తప్పదు: రంగు మందాన్ని బట్టి ఆరు నెలల నుంచి ఏడాది దాకా ఆరితే గానీ ఆఖరి వార్నిష్ వెయ్యకూడదు. అద్దంలో చూడడం మరో ఉపాయం. ఇటలీలో ఆల్బెర్టీ, లియొనార్డో ఇద్దరూ పదిహేనో శతాబ్దంలోనే ఈ సలహా రాసిపెట్టారు. కుడిఎడమలు తారుమారైతే, అలవాటుపడిన కన్ను దాటేసిన వంకర బయటపడుతుంది. ఫోన్‌లో ఫొటో తీసి, రంగులు తీసేసి నలుపు తెలుపుల్లో చూసినా వెలుగునీడల లెక్క తేలిపోతుంది. అప్పటికి అనుమానం లోపంగా మారుతుంది. లోపమైతే దానికో పేరుంటుంది, దిద్దుబాటుంటుంది.

ఇక అమ్మకం. అద్దె కట్టాల్సిన నెలలో అన్నీ అమ్మేయాలనిపిస్తుంది. అనుమానం ముదిరిన నెలలో ఏదీ బయట పెట్టబుద్ధి కాదు. ఎంపికను ఆ నెల తాలూకు మనఃస్థితికి వదలకుండా ఒక పద్ధతికి అప్పజెప్పడం మేలు. కొత్త తోవ తొక్కిన బొమ్మను దగ్గర ఉంచుకోవాలి. అది అందంగా ఉండనక్కర్లేదు, చాలాసార్లు మొరటుగానే ఉంటుంది. కానీ తర్వాతి పది బొమ్మలూ దాని కడుపున పుట్టినవే. వాటిలో అయిదోదో ఆరోదో చెయ్యి తిరిగి నున్నగా వస్తుంది. కొనేవాళ్లకు నచ్చేది అదే, అమ్మవలసిందీ అదే. పట్టు జారిన కాన్వాస్, పొరలు లేస్తున్న రంగు, సరిపడని గీత ఉన్న బొమ్మను ఎవరు ఎంత ఇస్తామన్నా ఇవ్వకూడదు. కింద సంతకం ఉంటుంది. గీసినవాడికి విసుగొచ్చిందన్న ఒక్క కారణంతో మాత్రం బొమ్మను ఆపకూడదు.

దగ్గర ఉంచుకున్నదాని విలువ చాలా ఆలస్యంగా తెలుస్తుంది. దామెర్ల రామారావు 1925లో, 28 ఏళ్లు నిండకుండానే, మశూచితో కన్నుమూశారు. అంత చిన్న వయసులో పోయిన చిత్రకారుడి ఎదుగుదలను ఇవాళ్టివాళ్లు వరసగా చూడగలుగుతున్నారంటే, రాజమహేంద్రవరంలో ఆయన పేరిట ఉన్న ఆర్ట్ గ్యాలరీలో బొమ్మలు ఒకచోట నిలిచినందువల్లే. అలాగని అమ్మకపోవడమే గొప్ప కాదు. వాన్‌గో బతికుండగా ఒక్కటే అమ్మారన్న కథ విద్యార్థులకు మహా ఇష్టం. అది పూర్తిగా నిజం కాదు: 1890లో ‘ఎర్ర ద్రాక్షతోట’ను ఆన్నా బోక్ 400 ఫ్రాంకులకు కొన్నారు, అంతకు చాలా ముందే, 1882లో, బొమ్మల వ్యాపారి అయిన బాబాయి హేగ్ నగర దృశ్యాలు 12 గీయించుకుని డబ్బిచ్చారు. అమ్ముడుపోకపోవడాన్ని గొప్పతనానికి రుజువుగా చూపించుకునేవాళ్లు ఈ సంగతి ఎత్తరు.

ఎచింగ్, లితోగ్రాఫ్ చేసేవాళ్లకు ఈ చిక్కు తక్కువ. ఒకే పలక మీంచి 25 ప్రతులు తీసి ఒక్కోదానికి 3/25 లాంటి అంకె వేస్తే, ఒకటి ఇంట్లో ఉంటుంది, మిగతావి లోకం మీదికి వెళ్తాయి. చిత్రకారుడు కె. లక్ష్మా గౌడ్ ఎచింగులు ఇన్ని ఇళ్లకు చేరడానికి ఆ మాధ్యమమే దారి. ప్రకటించిన అంకె దాటి ఒక్క ప్రతి తీసినా కొన్నవాళ్లందరినీ మోసం చేసినట్టే.

అనుమానం ఎక్కువగా దొరికిపోయేది ధర దగ్గర. కొలతను బట్టి, చదరపు అంగుళానికి ఇంత అని కట్టుకుంటే నోరు తడబడదు. గ్యాలరీలు సాధారణంగా మూడో వంతు నుంచి సగం దాకా కమిషన్ తీసుకుంటాయి. అలాగని ఇంటి దగ్గర తక్కువకు ఇస్తే గ్యాలరీ మళ్లీ పిలవదు. గృహప్రవేశానికి చుట్టాలకు ఊరికే ఇచ్చిన బొమ్మ చాలావరకు బీరువా వెనక తేలుతుంది.

అమ్మిన బొమ్మతో బంధం అంతటితో తెగదు. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం రాతపూర్వకంగా బదిలీ చేస్తే తప్ప కాపీరైట్ గీసినవాళ్లదే; డబ్బిచ్చి పని చెప్పి గీయించుకున్న చిత్రానికి మాత్రం, వేరే ఒప్పందం లేకపోతే, గీయించుకున్నవాళ్లదే. మూల చిత్రం తర్వాత ఎప్పుడైనా 10,000 రూపాయలకు పైగా చేతులు మారితే, అందులో 10 శాతానికి మించని వాటా చిత్రకారుడు అడగొచ్చు. చేతులు దాటిన పనికి హాని జరిగినా నిలదీయొచ్చు: ఢిల్లీ విజ్ఞాన్ భవన్‌లోంచి 1979లో తొలగించిన తన కంచు కుడ్యశిల్పం కోసం శిల్పి అమర్‌నాథ్ సెహగల్ కోర్టుకెక్కి, 2005లో శిల్పాన్నీ 5 లక్షల రూపాయల పరిహారాన్నీ గెలుచుకున్నారు.

ఈ హక్కులు అక్కరకు రావాలంటే ఒక నోటుపుస్తకం కావాలి: బొమ్మ పేరు, కొలత, మాధ్యమం, ఏడాది, ధర, కొన్నవారి చిరునామా, పక్కన ఒక ఫొటో. అది లేని చిత్రకారుడికి, ఇరవై ఏళ్ల తర్వాత ఒక ప్రదర్శన కోసం సొంత బొమ్మనే అడిగి తెచ్చుకోవాల్సి వస్తే, ఎవరి తలుపు తట్టాలో తెలియదు.