మగ్గం చుట్టూ ఉన్న ఆడవాళ్ళ లెక్క
(తుమ్మలపల్లె మహిళల సమావేశంలో చేసిన ప్రసంగం)

అక్కలారా, ఈ ఊరి పేరు చెబితే బయటివాళ్ళకు యురేనియం గుర్తొస్తుంది. నేను మన జిల్లా మగ్గం గురించి మాట్లాడతాను. జమ్మలమడుగు, మాధవరం వైపు నేతిళ్ళకు వెళ్ళండి. దారం తోడేది, కండెలు చుట్టేది, కొత్త పడుగును పాత పోగులకు ఒక్కొక్కటిగా అతికేది చాలా ఇళ్ళలో ఆడమనిషే. కూలి మాత్రం చీరకింత అని మగ్గంమీది ఒక్క పేరుకే వస్తుంది. అడిగితే "నేను నేయనమ్మా, సాయం చేస్తానంతే" అంటుంది. ఈ 'సాయం' అన్న మాటే మన కొంప ముంచింది.

నేత మన వారసత్వమని సభల్లో పొగుడుతారు. చైనాలో నాన్జింగ్ జరీపట్టు నేతను యునెస్కో 2009లో వారసత్వ జాబితాలో చేర్చింది. ఆ మగ్గానికి ఇద్దరు కావాలి: పైన కూర్చుని పోగులు లాగేవారు, కింద నేసేవారు. పైనున్నవారిది సాయమని ఎవరూ అనరు. మన ధర్మవరం పట్టుకూ భౌగోళిక గుర్తింపు ఉంది. అది చీర పేరును కాపాడుతుంది, కండె చుట్టిన చేతికి కూలి ఇప్పించదు.

2019లో మొదలైన నేతన్న నేస్తం ఏడాదికి 24,000 రూపాయలిచ్చింది, సొంత మగ్గమున్న ఇంటికి. పేరులోనే అన్న ఉన్నాడు, అక్క లేదు! 2019-20 జాతీయ చేనేత గణన చూస్తే నేసేవాళ్ళలో నూటికి 72 మంది ఆడవాళ్ళే.

గుర్తింపు కార్డుకు అర్జీ రాసేటప్పుడు వృత్తి దగ్గర 'గృహిణి' అని రాయనివ్వకండి. 'కండెలు, పడుగు అతుకు పని' అని రాయించండి.