ఓరుగల్లు తోరణాలు నాలుగు



గల్ఫ్‌లో మన తెలుగువాళ్ళ సభల్లో వేదిక వెనక తరచుగా ఒక తోరణం బొమ్మ కనిపిస్తుంది. రెండు కొసల మీదా హంసలు ఉంటాయి. అది ఓరుగల్లు కోట తోరణం. దాని గురించి ఈ పూట నాలుగు మాటలు చెప్పుకుందాం.

కోటలో ఉన్నది ఒక్క తోరణమే అని చాలామంది అనుకుంటారు. నిజానికి నాలుగు, దిక్కుకొకటి. కాకతీయుల కాలంలో కోట నడిమధ్య స్వయంభూ శివుడి గుడి ఉండేది. ఈ నాలుగూ ఆ గుడి ఆవరణకు వాకిళ్ళు.

1323లో ఢిల్లీ సైన్యంతో ఉలుగ్ ఖాన్ వచ్చి కోట పట్టుకున్నాడు. తరువాత మహమ్మద్ బిన్ తుగ్లక్‌గా గద్దెనెక్కింది ఆయనే. ప్రతాపరుద్రుడు బందీ అయి ఢిల్లీకి వెళ్ళే దారిలోనే కన్నుమూశాడు. ఓరుగల్లు పేరు సుల్తాన్‌పూర్ అయింది. గుడి కూలింది. తోరణాలు మాత్రం నిలిచాయి.

ఎందుకు నిలిచాయి? వాటి మీద హంసలు, మొగ్గలు, పూలదండలే తప్ప దేవుడి బొమ్మలు లేవు కనుక వదిలేశారని ఒక మాట. ఫిలిప్ వాగొనర్, జాన్ హెన్రీ రైస్ అనే పరిశోధకులు 2001లో ఇంకో మాట చెప్పారు. గుడి ఉన్నచోట కట్టిన మసీదుకు వాకిళ్ళుగా గెలిచినవాళ్ళే వాటిని కావాలని ఉంచుకున్నారట. నాకు ఈ రెండో మాటే సబబుగా తోస్తుంది. గుడి పోయింది, మసీదూ నిలవలేదు, వాకిళ్ళు మిగిలాయి.

మా షినాస్ కోట కూడా 1810లో ఇంగ్లీషువాళ్ళ ఫిరంగి దెబ్బలు తిన్నదే. కోటలు చేతులు మారడం ఎక్కడైనా ఉన్నదే.

2014లో తెలంగాణ రాజముద్రలో ఈ తోరణాన్ని, దాని మధ్యన చార్మినార్‌ను ఉంచారు. 2024లో ముద్ర మార్చాలన్న మాట వచ్చినప్పుడు, ఇది రాచరికపు గుర్తని కొందరు, మన గౌరవమని కొందరు వాదించుకున్నారు. ఆ వాదనలో ఎటువైపున్నా సరే, పిల్లలకు మాత్రం సగం కథ చెప్పకండి. చెక్కినవాళ్ళ గురించీ, కూల్చినవాళ్ళ గురించీ, ఉంచుకున్నవాళ్ళ గురించీ చెప్పండి. పొగడ్త ఒక్కటే చెబితే అది బొమ్మగానే ఉండిపోతుంది. పగ ఒక్కటే చెబితే ఇంకా నష్టం.

సెలవుల్లో ఇండియా వెళితే వాళ్ళను వరంగల్ తీసుకెళ్ళండి. ఒక తోరణం కింద నుంచి లోపలికి వెళ్ళి, ఆ నాలుగింటి నడుమ కాసేపు నిలబడండి. గుడి ఉన్నది అక్కడే అని చూపించండి.

ఉంటాను, సెలవు.