మొక్క కోసం వెలుగును కొలవడం

గదిలో దీపాల కింద మొక్కలు పెంచేటప్పుడు, వాటికి అందే వెలుగును ఏ సాధనంతో కొలవాలి? ఇదీ ఈ ప్రసంగంలో మనం చర్చించే విషయం. ప్రశ్న చిన్నదే. కాని దీనికి సరైన జవాబు తెలియక నేను ఒక విద్యార్థినికి అన్యాయం చేయబోయాను. ముందుగా ఆ సంగతి చెబుతాను.

చాలా ఏళ్ల క్రితం, డిగ్రీ రెండో సంవత్సరం చదివే ఒక అమ్మాయి ప్రాజెక్టు కోసం రెండు పెట్టెల్లో పాలకూర పెంచింది. మొదటి పెట్టెలో తెల్లని ట్యూబ్‌లైట్లు, రెండోదానిలో ఎరుపు, నీలం ఎల్.ఇ.డి.లు అమర్చింది. రెండింటిలోనూ దీపాలు రోజుకు 14 గంటలు వెలిగేవి. మా ల్యాబ్‌లోని లక్స్ మీటరుతో కొలిస్తే మొదటి పెట్టెలో 4,000 లక్స్, రెండోదానిలో 700 లక్స్ చూపించింది. నేను ఆమె రికార్డులో ఎర్రసిరాతో ‘రెండో పెట్టెలో కాంతి చాలదు, ప్రయోగం మళ్లీ చేయాలి’ అని రాశాను. మూడు వారాలు గడిచాయి. ఆ అమ్మాయి రెండు పెట్టెలనూ తెచ్చి నా బల్లమీద పెట్టింది. రెండో పెట్టెలోని మొక్కలే ఏపుగా, వెడల్పాటి ఆకులతో ఉన్నాయి. “సార్, మీటరు తక్కువ చూపిస్తోంది. మొక్కలేమో బాగా పెరిగాయి. ఏది నమ్మమంటారు?” అని అడిగింది.

ఆ ప్రశ్నకు అప్పుడు నా దగ్గర జవాబు లేదు. ఇప్పుడు చెప్పగలను.

లక్స్ మీటరు ఎవరి కోసం?

మనం చూడగలిగే కాంతి తరంగదైర్ఘ్యం ఇంచుమించు 400 నుంచి 700 నానోమీటర్ల వరకు ఉంటుంది. ఈ రంగులన్నీ మన కంటికి సమానంగా కనిపించవు. పగటి వెలుగులో మన కన్ను 555 నానోమీటర్ల దగ్గరి పసుపుపచ్చ కలిసిన ఆకుపచ్చను అన్నిటికన్నా బాగా గుర్తిస్తుంది. దానికి 100 మార్కులు వేస్తే, 660 నానోమీటర్ల ముదురు ఎరుపుకు 6 మార్కులు, 450 నానోమీటర్ల నీలానికి 4 మార్కులు మాత్రమే వస్తాయి. ఈ మార్కుల పట్టికను 1924లో అంతర్జాతీయ స్థాయిలో ప్రమాణంగా స్వీకరించారు. లక్స్ మీటరును తయారుచేసేది ఈ పట్టిక ప్రకారమే. దాని సెన్సరు ముందుండే ఫిల్టరు మనిషి కంటిని అనుకరిస్తుంది.

తరగతి గదిలో పుస్తకం చదవడానికి వెలుగు సరిపోతుందా అన్నది తెలుసుకోవాలంటే ఇంతకన్నా మంచి సాధనం లేదు. అయితే పాలకూర పుస్తకం చదవదు కదా!

మొక్క ఏమి లెక్కపెడుతుంది?

1882లో జర్మన్ శాస్త్రవేత్త ఎంగెల్‌మన్ ఒక చక్కని ప్రయోగం చేశాడు. దారంలా ఉండే ఆకుపచ్చని శైవలాన్ని సూక్ష్మదర్శిని కింద పెట్టి, దాని పొడవునా వర్ణపటం పడేలా చేశాడు. ఆక్సిజన్‌ను వెతుక్కుంటూ పోయే బాక్టీరియాను ఆ నీటిలో వదిలాడు. అవి ఎక్కువగా ఎరుపు, నీలం పడిన చోట్ల గుంపులుగా చేరాయి. కిరణజన్య సంయోగక్రియ చురుకుగా సాగుతున్నది అక్కడే అన్నమాట. మన కన్ను తక్కువ మార్కులు వేసిన రంగులకు మొక్క ఎక్కువ మార్కులు వేసింది. ఈ ప్రయోగంలో వెలుగును కొలిచిన సాధనం బాక్టీరియాయే!

తరువాత 1972లో అమెరికాలోని టెక్సస్‌లో మెక్రీ అనే శాస్త్రవేత్త 22 జాతుల మొక్కల ఆకులమీద చేసిన కొలతలను ప్రకటించాడు. 400 నుంచి 700 నానోమీటర్ల మధ్య ఉన్న అన్ని రంగులనూ ఆకులు వాడుకుంటాయని, ఆకుపచ్చ కాంతి కూడా చాలావరకు ఉపయోగపడుతుందని తేలింది. ‘మొక్కకు ఆకుపచ్చ కాంతి పనికిరాదు’ అని మీరెక్కడైనా చదివి ఉంటే దాన్ని సవరించుకోండి.

ఇక్కడ ఒక ముఖ్యమైన సూత్రం ఉంది. ఆకు కాంతిని ఫోటాన్ల లెక్కన స్వీకరిస్తుంది. నీలం ఫోటాన్‌లో శక్తి ఎక్కువ, ఎరుపు ఫోటాన్‌లో తక్కువ. అయినా ఒక ఫోటాన్ చేయించగలిగేది ఒక్క ఎలక్ట్రాన్ పనే. నీలం ఫోటాన్‌లోని అదనపు శక్తి వేడిగా పోతుంది. బస్సులో ఐదు రూపాయల టిక్కెట్టుకు పది రూపాయల నోటిచ్చారనుకోండి. కండక్టరు దగ్గర చిల్లర లేకపోతే మీకు దొరికేది ఒక్క టిక్కెట్టే! ఇదీ అంతే.

అందువల్ల మొక్క కోసం కొలవవలసింది, ఒక చదరపు మీటరుమీద ఒక సెకనులో పడే 400–700 నానోమీటర్ల ఫోటాన్ల సంఖ్యను. దాన్ని మైక్రోమోల్‌లలో చెబుతారు. ఒక మైక్రోమోల్ అంటే సుమారు ఆరువేల కోట్ల కోట్ల ఫోటాన్లు. ఆరుబయట మిట్టమధ్యాహ్నపు ఎండ సెకనుకు సుమారు 2,000 మైక్రోమోల్‌లు ఉంటుంది. ఈ కొలత చెప్పే సాధనాన్ని క్వాంటమ్ సెన్సరు అంటారు.

ఇప్పుడు రెండు సాధనాలనూ పోల్చి చూద్దాం. మూడు దీపాలు తీసుకుని, ఒక్కొక్కటీ సరిగ్గా 100 మైక్రోమోల్‌ల వెలుగు ఇచ్చేలా పెట్టామనుకోండి. 555 నానోమీటర్ల ఆకుపచ్చ దీపం కింద లక్స్ మీటరు సుమారు 14,700 చూపిస్తుంది. 660 నానోమీటర్ల ఎరుపు దీపం కింద సుమారు 750, 450 నానోమీటర్ల నీలం దీపం కింద సుమారు 700 చూపిస్తుంది. ఫోటాన్ల సంఖ్య ఒక్కటే. లక్స్‌లో తేడా మాత్రం ఇరవై రెట్లు!

మీరు ఏది ఎంచుకోవాలి?

అలాగని లక్స్ మీటరును పారేయనక్కరలేదు. వెలుగు తెల్లనిదై, దీపం ఏ రకమో మీకు తెలిస్తే దానితోనే పని జరుగుతుంది. కిటికీలోంచి వచ్చే పగటి వెలుగైతే లక్స్‌ను 54తో, చల్లని తెలుపు ట్యూబ్‌లైట్ అయితే 74తో భాగించండి. మైక్రోమోల్‌లు వస్తాయి. తెల్ల ఎల్.ఇ.డి.కి ఈ సంఖ్య రకాన్ని బట్టి సుమారు 60 నుంచి 75 వరకు ఉంటుంది. ఇవి ఉజ్జాయింపు లెక్కలే. కాని కుండీని ఎక్కడ పెట్టాలో తేల్చుకోవడానికి సరిపోతాయి.

సెల్‌ఫోన్‌లోని సెన్సరును పెట్టింది తెర వెలుగును సర్దడానికి. ఒకే దీపం కింద ఈ మూల ఎక్కువా, ఆ మూల ఎక్కువా అని పోల్చడానికి వాడుకోండి. అది చూపే అంకెను రికార్డులో రాయకండి.

సౌరశక్తిని వాట్లలో కొలిచే పైరానోమీటరు ఆరుబయటి ఎండ కోసం చేసిన సాధనం. ఎండలోని పరారుణ కిరణాలనూ అది లెక్కిస్తుంది. గదిలో దీపాల కింద దానితో మనకు పనిలేదు.

ఎరుపు, నీలం ఎల్.ఇ.డి.లు వాడుతుంటే మాత్రం క్వాంటమ్ సెన్సరు కావాలి. లక్స్ మీటరు కన్నా దీని ధర చాలా ఎక్కువ. కనుక కొనేముందు రెండు విషయాలు అడగండి. మొదటిది, ఏ తరంగదైర్ఘ్యానికి ఎంత స్పందిస్తుందో చూపే గ్రాఫ్. కొన్ని సెన్సర్లు 650 నానోమీటర్లు దాటాక సరిగా లెక్కపెట్టవు. మనం వాడే ఎరుపు దీపం 660 దగ్గరే ఉంటుంది కదా! రెండోది, పక్కల నుంచి ఏటవాలుగా వచ్చే కాంతిని ఆ సెన్సరు సరిగా లెక్కిస్తుందా అన్నది. సెన్సరు మీద తెల్లని మూత ఉండేది అందుకే.

ఏ రంగు ఎంత ఉందో విడివిడిగా తెలియాలంటే స్పెక్ట్రోమీటరు అవసరం. పరిశోధన చేసేవారికి అది ఎంతో ఉపయోగం. 700 దాటి 750 వరకు ఉండే ఎరుపు కూడా, మిగతా రంగులతో కలిసినప్పుడు, కిరణజన్య సంయోగక్రియకు తోడ్పడుతుందని 2020లో అమెరికా శాస్త్రవేత్తలు చూపించారు. మామూలు క్వాంటమ్ సెన్సరు ఆ భాగాన్ని లెక్కలోకి తీసుకోదు.

అన్నిటికన్నా నమ్మరాని మీటరు మన కన్ను. 500 లక్స్ ఉన్న గది మనకు ఎంతో వెలుతురుగా అనిపిస్తుంది. ట్యూబ్‌లైట్ లెక్కన అది 7 మైక్రోమోల్‌లే. అంటే మిట్టమధ్యాహ్నపు ఎండలో దాదాపు మూడువందలో వంతు!

కొలిచే పద్ధతి

సాధనం ఎంత మంచిదైనా, పద్ధతి తప్పితే ఫలితం తప్పుతుంది. సెన్సరును మొక్క కొన ఎత్తులో, పడుకోబెట్టినట్టు సమతలంగా ఉంచండి. మీ నీడ దానిమీద పడనివ్వకండి. పెట్టె మధ్యలో ఒక్కచోటే కాక మూలల్లోనూ, అంచుల్లోనూ కొలిచి సగటు తీయండి. మొక్క పెరిగి దీపానికి దగ్గరయ్యేకొద్దీ మళ్లీ కొలవండి.

ఆ తరువాత రోజు మొత్తానికి లెక్క కట్టాలి. ఆ అమ్మాయి పెట్టెలనే తీసుకుందాం. మొదటిదానిలో 4,000ను 74తో భాగిస్తే 54 మైక్రోమోల్‌లు. రెండోదానిలో, ఎరుపు, నీలం కలిసిన ఆ వెలుగుకు ఒక మైక్రోమోల్ సుమారు 7.3 లక్స్ చొప్పున, 700 లక్స్ అంటే దాదాపు 95 మైక్రోమోల్‌లు. 14 గంటలంటే 50,400 సెకన్లు. గుణిస్తే మొదటి పెట్టెకు రోజుకు 2.7 మోల్‌లు, రెండోదానికి 4.8 మోల్‌లు అందాయి. లెట్యూస్ వంటి ఆకుకూర బాగా పెరగాలంటే రోజుకు 12 నుంచి 17 మోల్‌లు ఇవ్వడం మంచిదంటారు. ఆ లెక్కన రెండు పెట్టెల్లోనూ వెలుగు తక్కువే. అయినా నేను ‘చాలదు’ అని రాసిన పెట్టెకే ఎక్కువ అందింది.

ఈ లెక్క నేర్చుకున్నాక, ఆ రికార్డు తెప్పించి ఎర్రసిరాతో రాసినదాన్ని నేనే కొట్టివేసి సంతకం చేశాను. మీటరు ఆ రోజు అబద్ధం చెప్పలేదు. నా కంటికి ఎంత వెలుగు కనిపిస్తుందో సరిగానే చెప్పింది. మొక్క గురించి అడగవలసిన ప్రశ్నను నేను దాన్ని అడిగాను. అంకె ఒకటి చెప్పి, ఎదురుగా ఉన్న మొక్క మరొకటి చెబితే, మొక్కను తీసి పారేయకండి. ఆ అంకె దేన్ని కొలిచిందో ముందు విచారించండి.

చివరగా మీకో లెక్క. చల్లని తెలుపు ట్యూబ్‌లైట్ల కింద, 14 గంటల్లో ఒక మొక్కకు 14 మోల్‌లు అందాలంటే లక్స్ మీటరు ఎంత చూపించాలి? మీరే కట్టి చూడండి. వచ్చిన జవాబును మీ చదువుకునే బల్ల దగ్గరి వెలుగుతో పోల్చండి. గదిలో మొక్కలు ఎందుకు నీరసంగా సాగిపోతాయో మీకే అర్థమవుతుంది.