ఒక మండలం రోజులు
(మా తెలుగు సంఘం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మేము వేదికలెక్కి ఉపన్యసించేవారము కాము. మాది రైల్వే పార్సిల్ ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం. చదువు మెట్రిక్ తో ఆగినది. మన కార్యదర్శిగారు, "మీ ఇంట జరిగినది నలుగురికీ చెప్పండి, ఎవరికైనా ఉపయోగపడుతుంది" అని పట్టుబట్టగా ఒప్పుకొన్నాము. తప్పులుంటే మన్నించండి.

2023వ సంవత్సరంలో, వరలక్ష్మీ వ్రతం చేసుకొన్న మూడవ రోజున, అనగా ఆగస్టు 28న, మా అమ్మాయి పుట్టినది. దీపావళికి రావలసిన బిడ్డ. ఇరవైతొమ్మిది వారాలకే వచ్చివేసినది. బరువు 1,120 గ్రాములు. పార్సిల్ ఆఫీసులో మేము రోజూ తూచే మూటలలో గ్రాములను ఎన్నడూ పట్టించుకొన్నవారము కాము. ఆ రోజునుండి గ్రాములే మా పంచాంగమయినవి.

బిడ్డను హోసూరు రోడ్డు మీది ఒక ఆసుపత్రిలో గాజుపెట్టెలో ఉంచారు. ఊపిరితిత్తులు ముడుచుకొనిపోకుండా లోపల సర్ఫాక్టెంటు అనే పదార్థం పూతవలె ఉండాలనీ, నెలలు నిండని బిడ్డకు అది చాలదనీ డాక్టరుగారు చెప్పారు. 1963లో అమెరికా అధ్యక్షుడు కెనెడీగారి కుమారుడు అయిదున్నర వారాలు ముందు పుట్టి, ఈ లోపంతోనే 39 గంటలకు పోయాడు. అంతటి వారికీ అప్పుడు మందు లేదు. 1980లో జపాను వైద్యుడు ఫుజివారాగారు ఆవు ఊపిరితిత్తులనుండి తీసిన పదార్థంతో పసివాండ్రను బ్రతికించి చూపారు. ఆ జాతి మందునే మా బిడ్డకు మొదటి రోజున గొట్టం ద్వారా లోనికి పోశారు. గుమాస్తా బిడ్డకు దొరికిన మందు ఆనాడు అధ్యక్షుని బిడ్డకు దొరకలేదు గదా అని ఎన్నోసార్లు అనుకొన్నాము.

గుంతకల్లునుండి అత్తగారు వచ్చారు. ఊరినుండి ఫోనులు వచ్చాయి. "ఏడో నెల బిడ్డ బ్రతుకుతుందిలే, ఎనిమిదో నెలదైతేనే భయం" అని పెద్దలు ధైర్యం చెప్పారు. డాక్టరుగారు నవ్వి, "కడుపులో ఎన్ని వారాలుంటే అంత మేలు, ఏడుకన్న ఎనిమిదే మంచిది" అన్నారు. ఆ మాట పెద్దలకు మేము చెప్పలేదు.

నాల్గవ రోజున తల్లిని ఇంటికి పంపారు, బిడ్డ అక్కడే ఉన్నది. చెవులలో దూది పెట్టుకొని పడుకోవలసిన బాలింతరాలు ప్రతి మూడు గంటలకూ లేచి, పంపుతో పాలు తీసి, సీసా మీద పేరు, వేళ వ్రాసి ఐసు పెట్టెలో ఉంచేది. ఆ పెట్టె తీసుకొని హెబ్బగోడిలో బస్సెక్కేవాళ్ళము. 2025 ఆగస్టులో ప్రారంభమయిన మెట్రో అప్పటికి లేదు. ఆసుపత్రిలో ఉంగరము, గడియారము తీసి, మోచేతులదాకా సబ్బుతో కడుగుకొని లోనికి పోవాలి. బిడ్డకు గొట్టం ద్వారా పట్టేది మొదట రెండేసి మిల్లీలీటర్లు. ఆ చెంచాడు పాలకోసం ఇల్లంతా మేలుకొని ఉండేది.

అప్పుడప్పుడు బిడ్డ ఊపిరి తీయడం మరచిపోయేది. యంత్రం కూసేది. మలయాళీ నర్సమ్మ అరికాలు మెల్లగా తట్టేది. ఊపిరి తిరిగి వచ్చేది. దానికి మందేమని అడిగితే కెఫీను అన్నారు. కాఫీలో ఉండే సత్తువే! మన ఇళ్ళలో పెద్దలకు కాఫీ లేనిదే తెల్లవారదు. మా ఇంట పసిదానికి అదే ప్రాణం నిలిపినది.

ఇప్పుడు చెప్పదలచినది అసలు మాట. చెప్పడానికి సిగ్గుగా ఉన్నది. మా ఇద్దరిలో తండ్రి అయినవాడు పది రోజులు బిడ్డను ముట్టుకోలేదు. గాజుపెట్టె ముందు నిలబడి యంత్రం మీది అంకెలు చూసి, బరువు నోటుబుక్కులో వ్రాసుకొని వచ్చేవాడు. మమకారం పెంచుకొంటే, పోతే ఎలాగ అన్న భయం. తల్లికది తెలుసు, నోరెత్తి అనలేదు.

పదకొండవ రోజు వచ్చినది. ఇంటి వద్ద అయితే పురుడు జరగవలసిన రోజు. తల్లికి జ్వరం. పాలు మాత్రమే పట్టుకొని పోయాము. నర్సమ్మ, "అమ్మ రాకపోతే నాన్న కూర్చోవచ్చు గదా" అన్నది. చొక్కా విప్పించి, కుర్చీలో కూర్చోబెట్టి, గొట్టాలతో సహా బిడ్డను రొమ్ము మీద ఆనించి పైన దుప్పటి కప్పినది. అరచేతికి మించని వీపు. కొంతసేపటికి యంత్రం కూయడం మానినది. గంట గడచినది. ఆనాడు నోటుబుక్కులో బరువు వ్రాయడం మరచిపోయాము.

ఈ పద్ధతిని 1978లో కొలంబియా దేశపు బొగోటా నగరంలో ఎడ్గార్ రే అనే వైద్యుడు మొదలుపెట్టారు. గాజుపెట్టెలు చాలక తల్లుల రొమ్ములనే ఆశ్రయించారు. కంగారూ పద్ధతి అంటారు. ఢిల్లీ సఫ్దర్‌జంగ్ ఆసుపత్రితో సహా అయిదు దేశాలలో జరిపిన పరిశోధన ఫలితాలు 2021లో వెలువడినవి. పుట్టిన వెంటనే ఇలా ఆనించుకొన్న బిడ్డలలో మొదటి 28 రోజుల మరణాలు సుమారు నాలుగవ వంతు తగ్గాయి. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇదే సలహా ఇచ్చినది. తండ్రి రొమ్ము కూడ పనికివస్తుంది. మేము పది రోజులు పోగొట్టుకొన్నాము.

సెప్టెంబరు 26న కావేరీ నీటికోసం బెంగుళూరు బంద్. పాలపెట్టె పట్టుకొని గుమ్మంలో నిలబడిపోయాము. ఎదురింటి కన్నడ పెద్దాయన స్కూటరు తీసి, "ఏనూ ఆగల్ల, బన్ని" అన్నారు. ఆసుపత్రి వాకిటిదాకా దింపి వచ్చారు. భాష ఏదయితేనేమి!

అక్టోబరు 14న బిడ్డను తీసుకొనిపొమ్మన్నారు. ఆ రోజు మహాలయ అమావాస్య. అత్తగారు ఒప్పుకోలేదు. మరునాడు పాడ్యమి, దసరా నవరాత్రుల మొదటి రోజున, 1,930 గ్రాముల బిడ్డ మా ఇంటికి వచ్చినది. ఆసుపత్రిలో ఉన్నది సరిగ్గా ఒక మండలం, నలభై ఎనిమిది రోజులు. ఇప్పుడు ఈ సభలోనే కుర్చీల మధ్య పరుగెడుతున్నది.

చివరకు మూడు మనవులు. నెలలు నిండని బిడ్డ పుట్టిన ఇంటికి చూడడానికి గుంపుగా పోకండి. అన్నం క్యారియరు పంపండి, పాలపెట్టె చేరవేయండి. అటువంటి బిడ్డకు నెల తిరిగేలోగా కంటి పరీక్ష చేయించమని గుర్తుచేయండి. చూపు పోయే జబ్బు పైకి కనబడదు. మూడవది తండ్రులకు. భయంతో దూరంగా నిలబడకండి. పోయే బిడ్డ అయినా, మీ వెచ్చదనం తెలిసి పోవాలి గదా.